ఖాళీ ఆఫీసు భవనాన్ని కో-లివింగ్‌గా మార్చాలంటే: మంచాల కన్నా ముందు నీళ్ల లెక్క

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, అబిడ్స్, అమీర్‌పేట సందుల్లో తల పైకెత్తి నడిస్తే, రెండో అంతస్తు కిటికీలకు ఎండకు వెలిసిపోయిన టు లెట్ ఫ్లెక్సీలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆఫీసులు మెల్లమెల్లగా పడమటికి, మాదాపూర్, గచ్చిబౌలి వైపు జరిగిపోయాయి. కానీ ఊరి నడిబొడ్డున ఉండాల్సిన మనుషులు ఎక్కడికీ పోలేదు. ఆసుపత్రుల్లో నర్సులున్నారు, కోచింగ్ పిల్లలున్నారు, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రైలు మారకుండా రాయదుర్గం ఆఫీసుకు పోయేవాళ్లున్నారు. వీళ్లకి గది కావాలి, పక్కన భవనం ఖాళీగా ఉంది. దాన్ని కో-లివింగ్‌గా, అంటే గదులు పంచుకుని, హాలూ వంటగట్టూ అందరూ కలిసి వాడుకునే వసతిగా మార్చితే సరి అనిపిస్తుంది. లెక్క సులువుగానే కనిపిస్తుంది. అందుకే చాలామంది నేరుగా మంచాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.

నా మాట వింటే ముందు నీళ్లు లెక్కపెట్టండి. ఆఫీసుని ఇల్లుగా మార్చే పనిలో గోడలు, రంగులు తేలిక. చెమట పట్టించేవి మూడు: నీళ్లు రావడం, నీళ్లు పోవడం, భవనం నడిమధ్యకి వెలుతురు అందడం.

మాట్లాడుకోవడానికి ఒక భవనం అనుకుందాం. 600 గజాల స్థలం, గ్రౌండ్ ప్లస్ 3, ఒక్కో అంతస్తు 3,000 చదరపు అడుగులు. రోడ్డు వైపు 50 అడుగులు, లోపలికి 60 అడుగులు. సెల్లార్‌లో పార్కింగ్. ముందంతా అద్దాలు.

మొదటి పని: ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోండి

యజమానిని అడిగితే "మంచి పార్టీ కోసం ఆగాం అండీ" అంటారు. వాచ్‌మన్‌ని అడగండి. ఒక పాత భవనం చూడ్డానికి పోయినప్పుడు అంతా బాగానే ఉంది, ఎక్కడా వాసన కూడా లేదు. వాచ్‌మన్ టార్చ్ పట్టుకుని వెనకే వస్తూ, "ఇప్పుడు మనుషులు లేరు కాబట్టి వాసన లేదు సార్. ఆఫీసు నడిచినప్పుడు పైవాళ్లు నీళ్లు వదిలితే కింది బాత్రూంలో పైకి తన్నేవి" అన్నాడు. రెండు లక్షలు పోసి చేయించే సర్వే కన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది.

కాగితాల్లో చూడాల్సినవి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని కార్పొరేషన్ ఇచ్చేది), ప్రాపర్టీ ట్యాక్స్, కరెంటు బకాయిలు. అన్నదమ్ముల పంపకాల తగాదా ఉంటే మిగతావి చూడనక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి. మంజూరైన ప్లాన్‌ని చేత్తో పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరగండి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్, సెట్‌బ్యాక్‌లో, అంటే చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో కట్టిన గది కనబడితే, రేపు అనుమతికి వెళ్లినప్పుడు అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

భవనం మీది కాకుండా లీజుకు తీసుకుంటుంటే 11 నెలల అగ్రిమెంటు మీద లక్షలు పోయకండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. పైపులకు, వైరింగ్‌కు పెట్టే డబ్బు తిరిగి రావాలంటే నా లెక్కలో తొమ్మిదేళ్లకి తక్కువైతే దిగొద్దు.

రెండో పని: శ్లాబును, కాంక్రీటును అడగండి

కూలగొట్టి కొత్తది కట్టేద్దాం అనే మాట ఈ దశలోనే వస్తుంది. తొందరపడకండి. పిల్లర్లు, బీములు, శ్లాబులే భవనంలో ఎక్కువ సిమెంటు, ఎక్కువ స్టీలు మింగేవి. అవి బాగుంటే వాటిని నిలబెట్టుకోవడమే పర్యావరణానికి మీరు చేసే అతి పెద్ద మేలు. సోలార్ పలకలు ఆ తర్వాతే.

బాగున్నాయో లేదో చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీర్, మేస్త్రీ కాదు. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హామర్ పరీక్ష, కొన్ని చోట్ల కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క తీసి నలగ్గొట్టే పరీక్ష చేయిస్తారు. ఇంకోటి మీ కళ్లముందే చేయమనండి. సెల్లార్‌లో ఒక పిల్లర్ మూల కొంచెం చెక్కి, అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు క్షణంలో ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది. పైపొరలో రంగు రాకుండా అలాగే బూడిద రంగులో ఉండిపోతే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంత లోతుకి దిగిందన్నమాట. ఆ రంగు రాని పొర కమ్మీ దాకా వెళ్లిందా అన్నదే ప్రశ్న. వెళ్లి ఉంటే తుప్పుకి దారి తెరుచుకున్నట్టే, మరమ్మతు ఖర్చు ముందే లెక్కలోకి రావాలి.

బరువు విషయంలో ఆఫీసు భవనం మనకి అనుకూలమే. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆఫీసు గదుల శ్లాబుని చదరపు మీటరుకి సుమారు 250 నుంచి 400 కిలోల మనుషులు, సామాను మోసేలా కడతారు. హాస్టల్ గదికి 200 కిలోలు చాలు. ప్రమాదం మనుషులతో కాదు, మనం కొత్తగా పెట్టే గోడలతో. 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి మూడున్నర టన్నులు తూగుతుంది. అదే గోడ ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మెలు) కడితే టన్నున్నర లోపు, రెండేసి జిప్సం బోర్డులు వేసి మధ్యలో శబ్దాన్ని ఆపే రాక్‌వూల్ దూది కూరితే అర టన్ను చిల్లర. ఒక అంతస్తులో ఇలాంటివి పది గోడలు వస్తాయి, లెక్కేసుకోండి.

జిప్సం గోడకి సింగిల్ బోర్డు వేసి సరిపెడదాం అంటాడు కాంట్రాక్టర్. ఒప్పుకోవద్దు. పక్క గదిలో అమ్మాయి వాళ్లమ్మతో ఫోన్ మాట్లాడితే ఈ గదిలో వినబడుతుంది. నెల తిరక్కుండా ఖాళీ చేసి పోతారు.

మూడో పని: నీళ్ల లెక్క

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆఫీసు ఉద్యోగికి రోజుకి 45 లీటర్లు లెక్క కడుతుంది, ఇంట్లో ఉండే మనిషికి 135 లీటర్లు. మన భవనంలో ఆఫీసు రోజుల్లో 100 మంది పనిచేశారనుకుంటే 4,500 లీటర్లు. ఇప్పుడు 48 మంది ఉంటారు అంటే 6,480 లీటర్లు. మనుషులు సగమయ్యారు, నీళ్లు ఒకటిన్నర రెట్లు దాకా పెరిగాయి. పైగా ఆఫీసులో నీళ్లు రోజంతా కొంచెం కొంచెంగా పోతాయి. హాస్టల్లో ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య ఒక్కసారిగా పోతాయి. పాత పైపుల లోటు బయటపడేది ఆ గంటన్నరలోనే.

నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో రాసుకోండి: వాటర్ బోర్డు కనెక్షన్ సైజు ఎంత, రోజు విడిచి రోజు వస్తాయా, బోరులో ఏప్రిల్, మే నెలల్లో నీళ్లుంటాయా. కొత్త బోరు వేద్దామంటే భూగర్భ జలాల్ని కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. సంపులో కనీసం రెండు రోజుల నీళ్లు, అంటే 13,000 లీటర్లు పట్టాలి. పైన ఓవర్‌హెడ్ ట్యాంకులు ఒక రోజుకి సరిపడా పెడితే ఆరున్నర టన్నుల బరువు. దాన్ని శ్లాబు మధ్యలో పెట్టకుండా పిల్లర్ల నెత్తిన పెట్టించండి.

వాననీళ్ల గురించి గొప్పలు చెప్పుకోవడం మానేయాలి. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 3,000 చదరపు అడుగుల డాబా మీద పడేదాంట్లో ఐదింట నాలుగు వంతులు పట్టుకోగలిగినా ఒక లక్షా 78 వేల లీటర్లు. మన 48 మందికి అది 27 రోజుల నీళ్లు. ఇంకుడు గుంత తవ్వాల్సిందే, బోరు బతుకుతుంది. కానీ వాననీళ్లతో ట్యాంకర్లు ఆగిపోతాయని ఎవరికీ మాటివ్వకండి.

ట్యాంకర్లు తగ్గించేది స్నానాల నీళ్లు. మనిషికి లెక్కగట్టిన 135 లీటర్లలో 45 ఫ్లషింగ్‌కే పోతాయి. స్నానం, వాష్‌బేసిన్ నీళ్లని వేరే పైపులో కిందికి దింపి, వడగట్టి, శుద్ధి చేసి ఫ్లష్ ట్యాంకులకి పంపితే రోజుకి 2,160 లీటర్లు మిగులుతాయి. నెలకి దాదాపు 65 వేలు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 13. దీనికి రెండు పైపులు వేరువేరుగా వేయడం ఇప్పుడే జరగాలి. గోడలు మూసేశాక ఈ ఆలోచన వస్తే లాభం లేదు. వంటింటి నీళ్లు మాత్రం ఇందులో కలపకండి, జిడ్డు వడపోతని చంపేస్తుంది.

నాలుగో పని: నీళ్లు పోయే దారి

ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. వెనక డ్రైనేజీ పైపులన్నీ కలిసే చాంబర్ మూత తీయించండి. నలుగురు మనుషుల్ని నాలుగు అంతస్తుల్లో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికి రెండు నిండు బకెట్లు ఇచ్చి, ఫోన్‌లో చెప్పగానే అందరూ ఒకేసారి గుమ్మరించేలా చూడండి. మీరు చాంబర్ దగ్గర కూర్చోండి. నీళ్లు గలగలా వచ్చి పోతే సరే. పైకి లేచి, నిలబడి, మెల్లగా దిగితే లైను ఎక్కడో పూడుకుపోయింది, లేదా వాలు సరిగా లేదు.

బాత్రూంలు ఎక్కడ పెట్టాలన్నదే మొత్తం డిజైన్‌ని నిర్ణయిస్తుంది. నాలుగంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు వాలు కావాలి. 20 అడుగులు పక్కకి లాగితే ఆరంగుళాలు దిగిపోతుంది, మధ్యలో బీము అడ్డం వస్తుంది. బీముకి కోర్ కటింగ్ చేస్తానని ఎవరైనా మిషన్ పట్టుకొస్తే బయటికి పంపేయండి. శ్లాబుకి రంధ్రం కూడా ఇంజినీర్ గుర్తు పెట్టిన చోటే.

నా మొదటి పనిలో నేను చేసిన తప్పు చెప్తాను. ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూం ఉంటేనే జనం వస్తారని యజమాని పట్టుబట్టారు, నేను సరేనన్నాను. ఆఫీసు శ్లాబులో బాత్రూం పైపులు దాచడానికి పల్లం ఉండదు కదా, అడుగు ఎత్తు లేపి ఇటుక ముక్కలతో నింపాం. ఒక్కో బాత్రూంకి టన్నున్నర పైనే బరువు. రెండో ఏడు సంక్రాంతి సెలవులకి అందరూ ఊళ్లకి పోయి తిరిగొచ్చేసరికి, మెస్ హాల్ సీలింగ్ మీద పసుపు మరకలు ప్లేటంత సైజులో వచ్చి ఉన్నాయి. ఏ గది నుంచి కారుతోందో కనుక్కోవడానికి మూడు బాత్రూంలు పగలగొట్టాం.

ఇప్పుడైతే ఇలా చేస్తాను: పాత ఆఫీసు టాయిలెట్ల డక్ట్, అంటే పైపులు కిందికి దిగే సందు ఎక్కడుందో దాన్ని ఆనుకునే, అన్ని అంతస్తుల్లో ఒకే చోట, ఒకదాని నెత్తిన ఒకటిగా బాత్రూంలు. నలుగురికి ఒక టాయిలెట్, ఒక స్నానాల గది, వేరువేరుగా. అంతస్తుకి 16 మంది, కాబట్టి నాలుగు, నాలుగు. డక్ట్‌కి మనిషి దూరేంత తలుపు. అటాచ్డ్ కావాలనేవాళ్ల కోసం డక్ట్ పక్క గదులు ఒకటి రెండు చాలు, వాటికి అద్దె ఎక్కువ పెట్టుకోండి.

ఐదో పని: వెలుతురుని బట్టి గదులు

కిటికీ నుంచి 7.5 మీటర్లు, అంటే సుమారు 25 అడుగులు దాటిన చోటికి వెలుతురు అందుతుందని లెక్కించకూడదని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మన భవనం లోతు 60 అడుగులు. ముందు 25, వెనక 25 తీసేస్తే మధ్యలో పదడుగులు పట్టపగలే చీకటి. ట్యూబ్‌లైట్ల కింద పనిచేసే ఆఫీసుకి అది పట్టలేదు. మనిషి పడుకుని లేచే చోటు అలా ఉండకూడదు.

ముందు వరసలో నాలుగు గదులు, వెనక వరసలో నాలుగు. ఒక్కోటి 12 అడుగులు 14 అడుగులు, ఇద్దరికి. కోడ్ అడిగే కనీస వైశాల్యం 9.5 చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులు. మనది 168. మూడు అంతస్తులకి 24 గదులు, 48 మంది. మధ్యలో మిగిలిన 32 అడుగుల్లో బాత్రూంలు, వరండా, బట్టలు ఇస్త్రీ చేసుకునే చోటు, అంతస్తుకో చిన్న హాల్, టీ కాచుకోవడానికి ఇండక్షన్ స్టవ్ ఉన్న గట్టు.

ఇక్కడే మీకూ యజమానికీ గొడవ వస్తుంది. "ఇంత స్థలం వృథా కదా, మధ్యలో ఇంకో మూడు గదులు పడతాయి, త్రీ షేరింగ్ చేస్తే..." అంటారు. కిటికీ లేని గది గోదాం అవుతుంది. మనుషులు దాంట్లో నెలకన్నా ఉండరు. పైగా కో-లివింగ్‌కీ మామూలు హాస్టల్‌కీ తేడా ఆ మధ్య హాల్లోనే ఉంది. అది తీసేస్తే మీరు అమ్మేది మంచం మాత్రమే, ఆ పోటీలో పక్క సందులో మీకన్నా చవగ్గా ఇచ్చేవాడు ఎప్పుడూ ఉంటాడు. ఇంజినీర్ ఒప్పుకుంటే డాబా నుంచి కింది దాకా ఒక వెలుతురు బావి తెరవండి. వేడి గాలి పైకి పోతుంది, వరండాలో పగలు లైటు అక్కర్లేదు.

ముందరి అద్దాల సంగతి. సీలు వేసిన అద్దం, దాని చుట్టూ ఏసీపీ షీట్లు (అల్యూమినియం పూత పలకలు): ఏసీ ఆగిందంటే లోపల పొయ్యి. ఊడదీయించండి. తెరుచుకునే కిటికీలు, రెండడుగుల సజ్జా, పడమర అయితే జాలీ. పాత భవనంలో ఆస్‌బెస్టాస్ రేకులు ఉంటే పగలగొట్టనివ్వద్దు. తడిపి, విరగకుండా దింపి, విడిగా పెట్టించాలి. మిగతా శిథిలాలు రోడ్డు మూల పోయకుండా జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ఉన్న రీసైక్లింగ్ ప్లాంట్లకి పంపండి.

ఆరో పని: మంట కన్నా పొగకి భయపడండి

2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్ల దారిన పైకి ఎక్కేసింది. మీ భవనం కూడా అదే ఆకారంలో ఉంటుంది: కింద బళ్లు, పైన నిద్రపోయే మనుషులు, మధ్యలో మెట్లు.

అందుకని ఎలక్ట్రిక్ బళ్ల చార్జింగ్ మెట్ల దగ్గర, సెల్లార్‌లో వద్దు, ఆరుబయట పెట్టండి. సెల్లార్ పార్కింగ్‌కి తప్ప దేనికీ వాడొద్దు. మెస్ వంటిల్లు అక్కడ పెడితే చవక అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గ్యాస్ సిలిండర్లు బయట, జాలీ గదిలో. మెట్లకి ప్రతి అంతస్తులో వాటంతట అవే మూసుకునే ఫైర్ డోర్లు. రెండో మెట్ల దారి లేకపోతే వెనక వైపు ఇనుప మెట్లయినా పెట్టాలి, అది కుదరని భవనం తీసుకోకండి. ప్రతి గదిలో పొగ పసిగట్టే అలారం. ఇంకోటి మన అలవాటు వల్ల వచ్చే ప్రమాదం: దొంగల భయంతో కిటికీలకి నిండుగా బిగించే గ్రిల్స్. గదికి ఒక గ్రిల్ లోపలినుంచి తెరుచుకునేలా చేయించండి. ఎత్తు తక్కువ కాబట్టి ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) అక్కర్లేదని ఎవరైనా చెబితే, అది కాగితం సంగతి. పొగకి ఆ కాగితం తెలియదు.

అనుమతులు, పన్నులు: త్వరగా

ఆఫీసుగా మంజూరైన భవనంలో మనుషులు నివసించాలంటే వాడుక మార్పుకి, లోపలి ప్లాన్ మార్పుకి కార్పొరేషన్ అనుమతి కావాలి. తెలంగాణలో ఆధారం 2012 నాటి జీఓ 168 భవన నియమాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీఓ 119. పని మొదలుపెట్టకముందే లైసెన్స్‌డ్ ఆర్కిటెక్ట్ చేత దరఖాస్తు పెట్టించండి. ట్రేడ్ లైసెన్స్, కరెంటు కేటగిరీ, నీటి కనెక్షన్ కేటగిరీ కూడా ముందే రాతపూర్వకంగా అడగండి. బిల్లు చూశాక టెన్షన్ పడటం కన్నా అది నయం.

జీఎస్‌టీ విషయం చాలామందికి సరిగా తెలియదు. 2024 జూన్‌లో జరిగిన కౌన్సిల్ సమావేశం తర్వాత, మనిషికి నెలకి 20,000 రూపాయలు మించని, కనీసం 90 రోజులు వరసగా ఉండే హాస్టల్ వసతికి జీఎస్‌టీ లేదు. కాబట్టి మీ అగ్రిమెంటులో కనీస కాలం 90 రోజులని రాసుకోండి. వారానికి, పది రోజులకి ఇచ్చే గదులతో కలిపి గందరగోళం చేసుకోకండి.

కరెంటు, డాబా

పాత వైరింగ్ మొత్తం తీసేయండి. ఆఫీసుకి కంప్యూటర్ల లోడు ఉండేది, మీకు గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు, ఒకేసారి 48 చార్జర్లు. బాత్రూం లైన్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. గదికో గీజర్ బదులు డాబా మీద ఒక హీట్ పంప్ (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే యంత్రం) పెడితే అవే వేడినీళ్లకి కరెంటు సుమారు మూడో వంతే ఖర్చవుతుంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగితే కరెంటు పొదుపు చేసే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 35 లోపే. 30 ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగితే రోజుకి 18 యూనిట్లు మిగులుతాయి.

డాబా సగం, 1,500 చదరపు అడుగులు సోలార్‌కి ఇస్తే 15 కిలోవాట్లు పడతాయి, రోజుకి సగటున 60 యూనిట్లు. గదిగదికీ ఏసీ పెడితే వేసవిలో ఇవి ఏ మూలకీ రావు. మిగతా సగానికి ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి కూడా దీన్ని తప్పనిసరి చేసింది. బట్టలు ఆరేసుకోవడానికి తీగలకి చోటు వదలండి. ప్లాన్‌లో అది లేకపోతే సోలార్ పలకల మీదే తువ్వాళ్లు ఆరతాయి, నేను చూశాను.

చివరి పని: ఒక్క అంతస్తుతో మొదలు

మూడు అంతస్తులూ ఒకేసారి నింపకండి. మొదటి అంతస్తు 16 మందితో రెండు నెలలు నడపండి. వాళ్లని నెలకోసారి హాల్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఏం బాగాలేదో చెప్పమనండి. రాత్రి ఎన్నింటి దాకా హాల్లో మాట్లాడుకోవచ్చు, వంటగట్టు ఎవరు తుడవాలి, చుట్టాలు వస్తే ఎన్ని రోజులు లాంటి నియమాలు మీరు రాసి గోడకి అంటించే బదులు వాళ్లతోనే రాయించండి. సీసీ కెమెరాలు గేటు దగ్గర, మెట్ల దగ్గర చాలు.

ఇంకో పని మీరే స్వయంగా చేయాలి. అందరూ దిగాక వచ్చే మొదటి సోమవారం, ఉదయం ఏడున్నరకి వెనక చాంబర్ దగ్గరికి వెళ్లి మూత తీయించండి. పైన 16 మంది స్నానాలు చేస్తుంటారు. నీళ్లు ఆగకుండా పోతుంటే రెండో అంతస్తుకి మంచాలు ఆర్డర్ పెట్టండి.